సరుకు గేటు దాటిన రోజు నుంచే గడువు లెక్కించండి: విశాఖ పెద్ద సంస్థల కొనుగోలు, ఖాతాల విభాగాలకు బహిరంగ లేఖ

విశాఖపట్నం పరిసరాల్లోని కర్మాగారాలు, ఆసుపత్రులు, హోటళ్లు, నిర్మాణ సంస్థల కొనుగోలు, స్టోర్సు, ఖాతాల విభాగాల అధికారులకు నమస్కారములు.

నేను గాజువాకలో యూనిఫారాలు కుట్టించే ఒక చిన్న యూనిట్ నడుపుతున్నాను. పదహారు కుట్టు మిషన్లు, ఒక ఓవర్‌లాక్, ఒక కాజా మిషన్, ఒక కటింగ్ బల్ల, ఇరవై ఒక్క మంది మహిళలు, ఒక కటింగ్ మాస్టరు కలిస్తే మా సంస్థ. కర్మాగార కార్మికులకు చొక్కాలు, ప్యాంట్లు, బాయిలర్ సూట్లు, ఆసుపత్రి సిబ్బందికి ఏప్రన్లు, సెక్యూరిటీ గార్డులకు దుస్తులు మా దగ్గర తయారవుతాయి. మొదలుపెట్టి రెండున్నరేళ్లయింది. ఈ రెండున్నరేళ్లలో గుడ్డ ధర, కరెంటు బిల్లు, పనివారు దొరకకపోవడం వంటి ఇబ్బందులన్నీ వచ్చాయి. అవి ఏ వ్యాపారానికైనా ఉండేవే కనుక వాటి గురించి రాయను. నేను రాయదలచినది ఒక్క విషయం గురించి: మేము ఇచ్చిన సరుకుకు మీరు డబ్బు చెల్లించే తేదీ గురించి.

నా మొదటి పెద్ద ఆర్డరు 600 జతలది. ఆ పర్చేజ్ ఆర్డరు కాగితాన్ని బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి పాదాల దగ్గర పెట్టి తెచ్చుకున్నాను. జత ధర 850 రూపాయలు. మొత్తం 5,10,000 రూపాయలు, దానిపై 5 శాతం జీఎస్టీ 25,500. జతకు గుడ్డ 430, కుట్టు కూలి 190, గుండీలు, జిప్పులు, దారం, జేబు మీద సంస్థ గుర్తు ఎంబ్రాయిడరీ కలిపి 60, అద్దె, కరెంటు, రవాణా 70. అన్నీ పోను జతకు నూరు రూపాయల చొప్పున 60,000 మిగలాలి. కొత్త పార్టీని కనుక గుడ్డ వ్యాపారి నాకు అరువు ఇవ్వలేదు, ఇవ్వాలని నేను ఆశించనూ లేదు. నా దగ్గర ఉన్నది పోను 3 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి గుడ్డ కొన్నాను.

ఆగస్టు 6న సరుకు మొత్తం ఆ సంస్థ గేటు దాటింది. గేటు దగ్గర సెక్యూరిటీ వారు చలాను మీద ముద్ర వేసి ఇచ్చారు, అది ఇప్పటికీ నా ఫైలులో ఉంది. సరుకు అందినట్టు స్టోర్సు వారు రాయవలసిన జీఆర్‌ఎన్ మాత్రం ఆగస్టు 29న రాశారు. తనిఖీ చేసే వ్యక్తి వేరే పనిలో ఉన్నారన్నారు. సెప్టెంబరు మధ్యలో, బిల్లు మీద పర్చేజ్ ఆర్డరు సంఖ్య పక్కన దాని సవరణ సంఖ్య లేదని ఖాతాల విభాగం బిల్లును తిప్పి పంపింది. సరిచేసిన బిల్లును సెప్టెంబరు 22న అందజేశాను. ఆర్డరులో రాసిన షరతు ప్రకారం ఖాతాల విభాగానికి సరైన బిల్లు చేరిన రోజు నుంచి 60 రోజులు, అంటే నవంబరు 21. ఆ తేదీ దాటాక ఒకసారి సంతకం చేయవలసిన అధికారి సెలవులో ఉన్నారు, ఒకసారి ఆ నెల చెల్లింపుల జాబితా అప్పటికే వెళ్లిపోయింది. జనవరి 9న, సంక్రాంతికి కొద్ది రోజుల ముందు, డబ్బు నా ఖాతాలో పడింది. గేటు దాటిన రోజు నుంచి 156 రోజులు.

ఆ సంస్థ పేరు నేను చెప్పను. అక్కడ ఎవరూ నన్ను మోసం చేయాలనుకోలేదని కూడా నాకు తెలుసు. స్టోర్సు వ్యక్తికి తన పని ఉంది, ఖాతాల గుమాస్తాకు తన నియమాలున్నాయి, సంతకం చేసే అధికారికి కుటుంబం, సెలవులు ఉన్నాయి. ఒక్కొక్కరు పదీ ఇరవై రోజులు తీసుకున్నారు. అన్నీ కలిస్తే ఐదు నెలలైంది. ఆ ఐదు నెలలకు 3 లక్షల మీద వడ్డీ 30,000 రూపాయలు కట్టాను. అరవై వేల లాభంలో సగం వడ్డీకే పోయింది. శనివారం శనివారం బట్వాడా ఆపలేదు, ఆపడానికి వీలూ లేదు, ఎందుకంటే మా దగ్గర కుట్టే ఆడవాళ్లు పెదగంట్యాడ, అగనంపూడి వైపు నుంచి ఆటో చార్జీలు పెట్టుకుని వచ్చి, పీసు లెక్కన వచ్చే ఆ డబ్బుతోనే వారం సరుకులు కొనుక్కుంటారు. నవంబరులో రెండు బట్వాడాలకు నా గాజులు తాకట్టు పెట్టాను.

చట్టం ఈ విషయంలో ఏం చెబుతుందో మీలో చాలామందికి నాకన్నా బాగా తెలిసి ఉండాలి. అయినా ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే మీ ఆర్డరు కాగితాల్లోని షరతులు ఆ చట్టం లేనట్టుగా రాసి ఉంటున్నాయి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం 15వ సెక్షన్ ప్రకారం, సూక్ష్మ లేదా చిన్న సంస్థ నుంచి సరుకు గానీ సేవ గానీ తీసుకున్నవారు రాతపూర్వక ఒప్పందం లేకపోతే స్వీకరించిన 15 రోజుల్లో, ఒప్పందం ఉంటే అందులో రాసిన తేదీకి చెల్లించాలి. అయితే ఆ ఒప్పంద గడువు ఎట్టి పరిస్థితిలోనూ స్వీకరించిన రోజు నుంచి 45 రోజులు మించకూడదు. స్వీకరించడం అంటే ఏమిటో కూడా చట్టమే చెప్పింది: సరుకు అందిన 15 రోజుల్లోగా కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం తెలపకపోతే, సరుకు అందిన రోజే స్వీకరించిన రోజు అవుతుంది.

ఈ లెక్కను నా ఆర్డరుకు వర్తింపజేసి చూడండి. ఆగస్టు 6న సరుకు అందింది. ఆగస్టు 21 వరకు నాకు ఏ అభ్యంతరమూ రాతలో రాలేదు. కనుక స్వీకరించిన రోజు ఆగస్టు 6, దానికి 45 రోజులు కలిపితే సెప్టెంబరు 20. ఆ సంస్థ తన 60 రోజుల గడువును లెక్కించడం మొదలుపెట్టిన రోజు సెప్టెంబరు 22. అంటే చట్టం ఇచ్చిన గడువు ముగిసిన రెండు రోజుల తర్వాత వారి గడువు మొదలైంది. ఈ రెండు తేదీలను పక్కపక్కన రాసుకున్న రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటిదాకా వారిని ఆలస్యం చేస్తున్నవారిగా అనుకున్నాను గానీ, వారి కాగితాల ప్రకారం నవంబరు 21 దాకా వారు ఆలస్యమే చేయడం లేదు. మీ దగ్గర తప్పు ఎక్కడ ఉందో వెతికితే అది చెల్లింపు దగ్గర కన్నా ముందు, లెక్క మొదలయ్యే రోజు దగ్గరే కనిపిస్తుంది.

అదే సెప్టెంబరు 20న మరొకటి కూడా జరిగింది. మాది నెలవారీ రిటర్ను. ఆగస్టులో ఇచ్చిన బిల్లు తాలూకు జీఎస్టీని మరుసటి నెల 20 లోగా కట్టాలి. గుడ్డ, దారం మీద మేము ముందే కట్టిన పన్ను పోను పది వేల రూపాయలకు పైగా ఆ రోజు నేను ప్రభుత్వానికి చెల్లించాను, నాకు రాని డబ్బు మీద. సరుకు తీసుకున్న సంస్థకేమో నా బిల్లులోని 25,500 రూపాయలు ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాను కట్టవలసిన జీఎస్టీలో తగ్గించుకోగల సొమ్ముగా, అందుబాటులోకి వచ్చాయి. 180 రోజుల్లోగా సరఫరాదారుకు చెల్లించకపోతే ఆ క్రెడిట్‌ను వెనక్కి ఇవ్వాలన్న నియమం ఉంది. కొన్ని సంస్థల్లో బిల్లు సరిగ్గా 170 రోజుల ప్రాంతంలో కదలడానికి ఆ నియమమే కారణమని తోటి యూనిట్ల వారు నాతో అన్నారు. 180 రోజుల నియమాన్ని మీ కంప్యూటరు గుర్తుపెట్టుకోగలిగినప్పుడు 45 రోజుల నియమాన్ని కూడా గుర్తుపెట్టుకోగలదు.

ఇక బ్యాంకు వైపు చూడండి. మా మిషన్లు పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం) రుణంతో కొన్నవి. పట్టణ ప్రాంత మహిళను కనుక నా వాటా 5 శాతం, రాయితీ 25 శాతం. ఆ రాయితీ మూడేళ్ల పాటు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది, చేతికి రాదు. పథకం మంచిదే, దాని వల్లే నేను ఈ పని మొదలుపెట్టగలిగాను. కానీ రుణ వాయిదా గడువు దాటి 90 రోజులైతే ఖాతా నిరర్థక ఆస్తిగా మారుతుంది, ఆ మచ్చ తర్వాతి రుణాలన్నింటికీ అడ్డుపడుతుంది. బ్యాంకు నాకు ఇచ్చే సహనం 90 రోజులు, మీరు నన్ను అడిగే సహనం 156 రోజులు. ఈ రెండింటి మధ్య ఉన్న 66 రోజులను కొత్తగా వ్యాపారం పెట్టినవారు వడ్డీ వ్యాపారి దగ్గరకు వెళ్లి కొనుక్కోవాలి, లేదా యూనిట్ మూసుకోవాలి. ఆర్డర్లు లేక మూతపడిన షెడ్ల గురించి నేను విన్నాను. ఆర్డరు బుక్కు నిండుగా ఉండగా మూతపడిన షెడ్డును ఆటోనగర్‌లో నా కళ్లతో చూశాను. ఆ షెడ్డు యజమాని మిషన్లలో రెండు ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి.

వ్యాపారం మొదలుపెట్టకముందు నేను హాజరైన శిక్షణ తరగతుల్లో ప్రాజెక్టు రిపోర్టు ఎలా రాయాలో, లాభనష్టాలు సమానమయ్యే స్థాయి ఎలా లెక్కించాలో, సూక్ష్మ, చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర ఉద్యం నమోదు ఎలా చేసుకోవాలో నేర్పారు. పర్చేజ్ ఆర్డరు వెనుక పేజీలో చిన్న అక్షరాల్లో ఉండే చెల్లింపు షరతును ఎలా చదవాలో ఎవరూ నేర్పలేదు. అందుకే మొదటి ఆర్డరులో ఆ 60 రోజుల షరతు కింద నేను సంతకం పెట్టాను. ఆ సంతకాన్ని చూపించి మీరే ఒప్పుకున్నారు కదా అని నాతో అన్నారు. 45 రోజులకు మించిన షరతుకు నేను ఒప్పుకున్నా చట్టం ముందు అది నిలవదని అప్పుడు నాకు తెలియదు.

గడువు దాటితే కొనుగోలుదారు రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్లు చొప్పున, నెలనెలా చక్రవడ్డీ లెక్కగట్టి చెల్లించాలని 16వ సెక్షన్ చెబుతుంది. బ్యాంకు రేటు 6 శాతం అనుకుంటే ఆ వడ్డీ 18 శాతమవుతుంది. చిన్న సంస్థల బకాయిల వివాదాలు తేల్చే కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు, దానికి 2017 నుంచి సమాధాన్ పోర్టల్ ఉంది, కౌన్సిల్ 90 రోజుల్లో తేల్చాలి, తీర్పును సవాలు చేయదలచిన కొనుగోలుదారు ముందుగా 75 శాతం సొమ్ము జమ చేయాలి. కాగితం మీద ఇంతకన్నా బలమైన రక్షణ అడగలేము. కానీ ఫిర్యాదు చేసిన మరునాడు నాకు వచ్చే ఆర్డరు ఏమవుతుంది? నగరంలో మా సరుకు కొనే పెద్ద సంస్థలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని. వాటి కొనుగోలు విభాగాల వారు ఒకరికొకరు తెలిసినవారే. నేను ఆ 30,000 వడ్డీని అడగలేదు. ఈ లేఖ కింద నా పేరు రాయకపోవడానికీ కారణం అదే. మా చేతికి ఇచ్చిన చట్టాన్ని మేము వాడలేము కనుక, దాన్ని మీ అంతట మీరే పాటించండని అడగడానికి ఇలా రాస్తున్నాను.

2023 ఆర్థిక చట్టం ద్వారా ఆదాయపు పన్ను చట్టంలో 43బీ(హెచ్) అనే నిబంధన చేరింది. 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి, సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోగా చెల్లించని సొమ్మును కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేరు, చెల్లించిన ఏడాదిలోనే చూపించుకోవాలి. దీనివల్ల మార్చి నెలలో కొన్ని పాత బిల్లులు వచ్చిన మాట నిజం, అందుకు సంతోషించాను. అయితే ఆ తర్వాతి నెలలోనే ఒక సంస్థ నుంచి ఫోను వచ్చింది. మీ ఉద్యం నమోదు రద్దు చేసుకుంటే ఆర్డర్లు కొనసాగిస్తాము, లేకపోతే నమోదు లేనివారిని చూసుకుంటాము అన్నారు. మర్యాదగానే అన్నారు. ఆ ఫోనులో మాట్లాడిన అధికారి ఈ లేఖ చదువుతారని ఆశిస్తున్నాను. అయ్యా, ఆ నమోదు ఒక్కటే మా దగ్గర ఉన్న కాగితం. దాని మీదే మాకు బ్యాంకు రుణం వస్తుంది, దాని మీదే ప్రభుత్వ రంగ సంస్థల కొనుగోళ్లలో సూక్ష్మ, చిన్న సంస్థలకు కేటాయించిన 25 శాతంలో, అందులో మహిళలకు కేటాయించిన 3 శాతంలో మేము పోటీ పడగలుగుతాము. దాన్ని వదులుకొమ్మని అడగడం ఇల్లు వదిలి అద్దెకు రమ్మనడం లాంటిది.

మా కొనుగోలుదారులు కూడా మాకు ఆలస్యంగానే చెల్లిస్తారని మీలో కొందరు అంటారు. నిజమే కావచ్చు. ఆ భారాన్ని గొలుసులో ఎవరో ఒకరు మోయాలి. మీకు బ్యాంకు ఇచ్చే వడ్డీకీ, నూటికి రెండు చొప్పున ఏడాదికి 24 శాతం కట్టే నా వడ్డీకీ ఉన్న తేడా చూస్తే, ఎవరు మోస్తే తక్కువ ఖర్చవుతుందో ఖాతాల వారికి నేను చెప్పనక్కర్లేదు. నా వడ్డీ చివరికి మీ ధరలోకే వస్తుంది. నగరంలో ఒక మధ్యస్థాయి ఆసుపత్రి మాకు ప్రతి బిల్లుకూ ఇరవై రోజుల్లోపు చెల్లిస్తుంది. వారికి నేను జతకు 25 రూపాయలు తగ్గించి కోట్ చేస్తాను. ఒకసారి వారు కాలరు సరిగా రాలేదని 38 చొక్కాలను సరుకు అందిన నాలుగో రోజే ఈమెయిల్‌లో ఫొటోలతో సహా తిప్పి పంపారు. తప్పు మాదే, వారంలో కుట్టి ఇచ్చాము, మిగతా సరుకు డబ్బు మాత్రం ఆపలేదు. ఇలా పనిచేసే కార్యాలయం ఈ ఊళ్లోనే ఉన్నందువల్ల నేను అసాధ్యమైనదేదో అడుగుతున్నానని అనుకోవడం లేదు.

అడిగేవి ఇవి. గేటు దగ్గర చలాను మీద పడే ముద్ర తేదీని మీ కంప్యూటరులో చెల్లింపు గడువుకు మొదటి రోజుగా నమోదు చేయించండి, జీఆర్‌ఎన్ ఎప్పుడు రాసినా సరే. సరుకులో లోపం ఉంటే 15 రోజుల్లోగా రాతలో చెప్పండి, ఫోనులో చెప్పి వదిలేయకండి. లోపం ఎన్ని పీసుల్లో ఉంటే అంత మేరకే డబ్బు ఆపండి. బిల్లు మీద సంఖ్య తప్పుపడితే ఆ తప్పును మూడు రోజుల్లో చెప్పే బాధ్యత ఒక వ్యక్తికి అప్పగించి, ఆ వ్యక్తి ఫోను నంబరును పర్చేజ్ ఆర్డరు మీదే ముద్రించండి. మా వంటి కొత్తవారు నెలల తరబడి ఎవరిని అడగాలో తెలియక గేటు దగ్గర నిలబడడం మీకూ గౌరవం కాదు. పర్చేజ్ ఆర్డరులో 60, 90 రోజులని అచ్చువేసిన పాత షరతును సూక్ష్మ, చిన్న సంస్థల విషయంలో కొట్టివేసి 45 అని రాయండి. ఏ సంస్థకైనా ఇచ్చే మొట్టమొదటి ఆర్డరులో, వీలైతే, సగం సొమ్మును సరుకు అందిన వారంలోనే ఇవ్వండి. రెండో ఆర్డరు నుంచి మేము మీ పద్ధతికి అలవాటు పడగలము, మొదటిదానికి మా దగ్గర ఏ నిల్వా ఉండదు.

నగదు నిజంగా లేని నెలలు మీకూ ఉంటాయని నాకు తెలుసు. అందుకే బిల్లుల మీద బ్యాంకుల నుంచి ముందుగా డబ్బు ఇప్పించే ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ వేదిక ఉంది. మీరు బిల్లును ఆ వేదిక మీద ఆమోదిస్తే బ్యాంకులు దాని మీద వేలం పాడతాయి, మాకు ఒకటి రెండు రోజుల్లో డబ్బు వస్తుంది, మీరు గడువు తేదీన బ్యాంకుకు కడతారు. వడ్డీ మేమే భరించినా అది మీ పరపతిని చూసి వేసిన వడ్డీ కనుక మాకు బయట దొరికేదానికన్నా చాలా తక్కువ. ఏడాదికి 250 కోట్లకు మించిన టర్నోవరున్న కంపెనీలు 2025 మార్చి 31 లోగా ఇందులో చేరాలని కేంద్రం ఆదేశించింది. చేరడం వేరు, బిల్లును ఆమోదించడం వేరు. ట్రెడ్స్‌లో నమోదైన ఒక సంస్థకు నేను బిల్లు ఎక్కించి ఏడు వారాలు ఎదురుచూశాను, ఆమోదం బొత్తాం నొక్కవలసిన లాగిన్ ఎవరి దగ్గర ఉందో వారికే తెలియలేదు. దయచేసి ఆ లాగిన్‌ను ఎవరికైనా అప్పగించండి.

1933లో ఓడరేవు, 1941లో ఓడల నిర్మాణ కేంద్రం, 1957లో చమురు శుద్ధి కర్మాగారం, ఆ తర్వాత ఉక్కు కర్మాగారం వచ్చిన ఈ ఊళ్లో పెద్ద గేటు ఉన్న ప్రతిచోటా దాని చుట్టూ బోల్టులు, గాస్కెట్లు, చేతి తొడుగులు, భోజనాలు, దుస్తులు అందించే వందల షెడ్లు పుట్టాయి. ఇప్పుడు కొత్తగా వస్తున్న సంస్థలకూ అలాగే పుడతాయి. ఆ షెడ్లు పెట్టబోయే వారిలో మా యూనిట్‌లో కుట్టే ఒక అమ్మాయి కూడా ఉంది. ఆరు మిషన్లతో సొంతంగా మొదలుపెడతానని, సలహా ఇవ్వమని మొన్న నన్ను అడిగింది. మిషన్ల సంగతి, గుడ్డ సంగతి చెప్పాను. ఎవరి ఆర్డరు తీసుకోవచ్చు అని అడిగినప్పుడు ఆసుపత్రి పేరు ఒక్కటే చెప్పగలిగాను.

వచ్చే నెల నేను ఒక సంస్థకు 400 జతలు అందించాలి. ఆర్డరు కాగితం నా బల్ల మీద ఉంది. చెల్లింపు గడువు దగ్గర బిల్లు ఆమోదం పొందిన నాటి నుంచి 60 రోజులు అని అచ్చు వేసి ఉంది. దాన్ని కొట్టివేసి సరుకు అందిన నాటి నుంచి 45 రోజులు అని రాసి, పక్కన సంతకం చేసి, మార్పుకు అంగీకారం కోరుతూ తిప్పి పంపుతున్నాను. ఆ కవరు విప్పే అధికారి దానిపై తన సంతకం కూడా చేసి పంపవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
గాజువాకలో యూనిఫారాలు కుట్టించే ఒక చిన్న సంస్థ యజమానురాలు